పాత బండి ముందు బ్రేకు: షూలు మార్చాలా, డిస్కు వేయాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముందు బ్రేకు గురించే. ఎందుకో నాకు అర్థమవుతూనే ఉంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండి 125 సీసీ దాటితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఆ లోపయితే కనీసం ఒక బ్రేకు పడితే రెండు చక్రాలకూ పట్టే సీబీఎస్ ఉండి తీరాలి. ముందు వెళ్తున్న స్కూటరు గేదె అడ్డొచ్చిందని టక్కున ఆగుతుంది. దాని వెనకే వస్తున్న మన నలభై ఏళ్ల బండి కూడా అంత దూరంలోనే ఆగాలి. పాత బళ్లు షెడ్డులో దుప్పటి కింద ఉండకూడదు, రోడ్డు మీద తిరగాలన్నది నా కోరిక. తిరగాలంటే ముందు ఆగడం రావాలి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం బ్రేకులకే ఇచ్చేశాను. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: డ్రమ్ము బ్రేకులో చక్రంతో తిరిగే డ్రమ్ము లోపలి గోడకు షూలు ఒత్తుకుని ఆపుతాయి; డిస్కు బ్రేకులో చక్రంతో తిరిగే పళ్లేన్ని క్యాలిపర్ రెండువైపులా పట్టుకుని ఆపుతుంది.

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు 1984లో కొన్న బుల్లెట్ 350ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. ముందు చక్రానికి 6 అంగుళాల డ్రమ్ము. లివర్ హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కినా బండి తీరిగ్గా ఆగుతుంది. మొన్న మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే వెనక కూర్చున్న మా ఆవిడ దిగి నడిచి వస్తానంది. ఇక్కడి మెకానిక్ ఒకాయన వేరే బండి డిస్కు, క్యాలిపర్ తెచ్చి, ఫోర్కుకు క్లాంపు వెల్డింగ్ చేసి బిగిస్తానంటున్నాడు. నాన్నగారేమో బండిని కదిలించొద్దంటున్నారు. ఎవరి మాట వినను?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వెల్డింగ్ మాట మాత్రం ఈ క్షణం నుంచి మర్చిపోండి బాబూ. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఎందుకు వద్దంటున్నానో లెక్క కట్టి చూపిస్తాను. బండి, మీరు, మీ ఆవిడ కలిపి 300 కిలోలు అనుకోండి. ఓ మోస్తరు గట్టిగా బ్రేకు వేస్తే అందులో 70 శాతం పని ముందు చక్రమే చేస్తుంది. ఆ బలమంతా డిస్కును పట్టుకున్న క్యాలిపర్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు 280 కిలోల బరువుతో లాగినట్టు అవుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఇదే లాగుడు. మీ ఫోర్కు కింది గొట్టాన్ని డ్రమ్ము ప్లేట్‌ను ఆపడానికి తయారుచేశారు గానీ, పక్కన అతికించిన ముక్కకు ఇంత లాగుడు తట్టుకునేలా చేయలేదు. అల్యూమినియం పోతకు వెల్డింగ్ వేడి తగిలితే ఆ చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. లోపలి బోరు వంకరపోతుంది. పగులు పైకి కనిపించదు. విరిగే రోజున క్యాలిపర్ వెళ్లి చువ్వల్లో పడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో రాయడం నాకిష్టం లేదు.

ఇప్పుడు నాన్నగారి మాట. సగం ఆయనదే న్యాయం. మీ బ్రేకు ఇప్పుడు పనిచేస్తున్న తీరు 1984లో అది షోరూము నుంచి వచ్చిన తీరు కాదు. 6 అంగుళాల డ్రమ్ము గొప్ప బ్రేకని నేనూ అనను. కానీ లివర్ హ్యాండిల్‌కు ఆనిందంటే అది చిన్న బ్రేకు కావడం వల్ల కాదు, పాడైన బ్రేకు కావడం వల్ల. దాన్ని ముందు పూర్తి ఆరోగ్యానికి తీసుకురండి. ఆ తర్వాత కూడా చాలకపోతే అప్పుడు పై మెట్టు.

చక్రం ఊడదీసి, షూలు బిగించి ఉండే ప్లేట్ బయటికి తీయించండి. లైనర్ల మీద, అంటే షూలకు అతికించి ఉండే, డ్రమ్ముకు రాసుకునే పొరల మీద, మార్కర్ పెన్నుతో అడ్డంగా గీతలు గీయండి. మళ్లీ బిగించి, చక్రం చేత్తో తిప్పుతూ బ్రేకు మెల్లగా తగిలించండి. రెండు మూడు చుట్లు చాలు. మళ్లీ తీసి చూడండి. గీతలు ఎక్కడ చెరిగిపోయాయో అక్కడ మాత్రమే మీ బ్రేకు పనిచేస్తోంది. నా దగ్గరికి వచ్చే బళ్లలో చాలావాటికి షూ మధ్యలో రెండు వేళ్ల వెడల్పున చెరుగుతుంది. రెండు చివర్లా గీతలు కొత్తగా గీసినట్టే ఉంటాయి. లైనర్ ఉంది, డ్రమ్ము ఉంది, కానీ రెండూ కలుసుకునేది అరచేతి మందం కూడా కాదు. ఇక బండి ఎలా ఆగుతుంది?

ఇలా కావడానికి కారణం చాలాసార్లు డ్రమ్ము గుండ్రం తప్పడమే. చువ్వలు బిగించినప్పుడు అవి హబ్‌ను, అంటే డ్రమ్ము ఉండే చక్రం నడిమి భాగాన్ని, తలోవైపు లాగుతాయి. ఏళ్ల తరబడి ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు ఉంటే డ్రమ్ము కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బ్రేకు వేస్తే లివర్ వేళ్ల కింద కొట్టుకుంటున్నట్టు అనిపిస్తోందా? అదే గుర్తు. దీనికి మందు లేత్, అంటే తిప్పుతూ లోహాన్ని చెక్కే యంత్రం. అయితే హబ్‌ను విడిగా లేత్ పట్టించకండి. ముందు చువ్వలన్నీ సరిగ్గా బిగించి, రిమ్ము బెండు తీయించి, ఆ చక్రం మొత్తాన్ని లేత్ మీద ఎక్కించి డ్రమ్ము లోపల పలచగా కోత వేయించాలి. విడిగా కోసి తర్వాత చువ్వలు బిగిస్తే మళ్లీ గుండ్రం పోతుంది. చిక్కేమిటంటే 19 అంగుళాల రిమ్ముతో సహా తిరిగే లేత్ చిన్న షాపుల్లో ఉండదు. లారీ డ్రమ్ములు పట్టే లేత్‌లు ఉన్నచోటికి వెళ్లాలి. మీకు దగ్గర కాబట్టి మా విజయవాడ ఆటోనగర్‌కు చక్రం ఒక్కటే బస్సులో వేసుకుని రావచ్చు. టర్నర్‌కు ముందే చెప్పండి: డ్రమ్ము లోపలి అరుగుడు గీతలు పోయేంతవరకే కోయాలి, తళతళ మెరిసేదాకా కాదు. అసలు కొలత మీద డ్రమ్ము వ్యాసం ఒక మిల్లీమీటరు మించి పెరిగిపోతే నేనయితే ఆ హబ్‌ను పక్కన పెట్టిస్తాను.

డ్రమ్ము కోసిన తర్వాత దుకాణంలో దొరికే షూలు నేరుగా వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. డ్రమ్ము వెడల్పయింది, షూ పాత కొలతలోనే ఉంది. మందం ఎక్కువున్న లైనర్ అతికించమని అడగండి. షూలను ప్లేట్‌కు బిగించి, ఆ ప్లేట్‌నే లేత్ మీద తిప్పుతూ లైనర్‌ను డ్రమ్ము కొలతకు కొంచెం తక్కువగా చెక్కించండి. ఇది అరగంట పని. ఎవరూ చేయించుకోరు. చేయించుకున్నవాళ్లు మాత్రం బండి తీసుకెళ్లిన సాయంత్రమే ఫోన్ చేసి, ఇది మా బండేనా అని అడుగుతారు. లైనర్ ముందు అంచును అర అంగుళం మేర ఏటవాలుగా అరగదీయడం కూడా మరిచిపోవద్దు. లేకపోతే తగలగానే పట్టేసి కుదుపిస్తుంది.

తర్వాత కేబుల్. ఎవరినైనా లివర్ నొక్కమని చెప్పి మీరు కేబుల్‌ను చూడండి. వంపు తిరిగిన చోట తొడుగు సాగి నిటారవుతోందంటే మీ వేళ్ల బలం అక్కడే ఖర్చయిపోతోంది. మంచి గట్టి తొడుగున్న కేబుల్ కొనండి. హ్యాండిల్ రెండువైపులా తిప్పినా ఎక్కడా బిగుసుకోకుండా మెత్తటి వంపుతో దారి చూడండి. షూలను విడదీసి డ్రమ్ముకు ఒత్తే క్యామ్‌ను బయటికి తీసి తుప్పు శుభ్రం చేసి గ్రీజు చాలా కొంచెం, పూసీ పూయనట్టుగా పట్టించండి. ఎక్కువయితే వేడికి కరిగి లైనర్ల మీదికి వస్తుంది. క్యామ్ చేతి (కేబుల్ తగిలించే బయటి పట్టీ) కోణం కూడా ముఖ్యం. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబుల్‌కూ ఆ చేతికీ మధ్య దాదాపు 90 డిగ్రీలు ఉండాలి. లైనర్లు అరిగేకొద్దీ చెయ్యి ఆ గీత దాటి ముందుకు పోతుంది. మనం అడ్జస్టర్ నట్టు తిప్పి సరిపెట్టుకుంటాం. ఖాళీ తగ్గుతుంది, బలం రాదు. అక్కడ చేయాల్సింది నట్టు తిప్పడం కాదు, లైనర్ మార్చడం.

ఆఖరున యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించకముందే చక్రం గట్టిగా తిప్పి బ్రేకు ఒక్కసారిగా పట్టండి. లివర్ వదలకుండా అలాగే పట్టుకుని నట్టు బిగించమనండి. షూలు డ్రమ్ము మధ్యలో తమ చోటు తాము చూసుకుంటాయి. పైసా ఖర్చు లేదు. ప్లేట్ తిరగకుండా ఆపే చోట ఆట ఏమైనా ఉందేమో అప్పుడే చూసుకోండి.

ఇంత చేసి, 50 కిలోమీటర్లు మెల్లగా తిరిగి, లైనర్లు ఒదిగాక చెప్పండి. ఊళ్లో తిరగడానికి, గోదావరి గట్టు మీద సాయంత్రం వెళ్లి రావడానికి అది సరిపోతుందనే నా నమ్మకం. ఘాట్‌లో ఇద్దరితో వెళ్లాలంటే చాలదు. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కిందికి దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, అంటే షూల నుంచి దూరంగా జరుగుతుంది. అందుకే కొండ దిగేకొద్దీ లివర్ లోపలికి పోతుంది. చిన్న డ్రమ్ము తొందరగా వేడెక్కుతుంది.

అప్పుడు పై మెట్టు 7 అంగుళాల జంట లీడింగ్ షూ బ్రేకు. ఇదేదో బయటి సామాను కాదు. బుల్లెట్ 500కు, తర్వాత వచ్చిన కొన్ని 350లకు కంపెనీయే వేసింది. మీ 6 అంగుళాల బ్రేకులో ఒకే క్యామ్ ఉంటుంది. చక్రం తిరిగే దిశలో ఉన్న షూ తనంతట తానే డ్రమ్ములోకి ఇరుక్కుంటుంది, పనిలో ఎక్కువ వాటా దానిదే. రెండో షూను చక్రమే వెనక్కి నెట్టేస్తూ ఉంటుంది. జంట లీడింగ్‌లో రెండు క్యామ్‌లు, రెండు షూలూ ఇరుక్కునే రకమే. డ్రమ్ము పెద్దది కావడం వల్ల వచ్చేది తక్కువ, ఈ రెండో షూ వల్ల వచ్చేది ఎక్కువ. హబ్, ప్లేట్, చువ్వలు, కేబుల్ అన్నీ కలిపి ఒక సెట్టుగా తీసుకోండి. చువ్వల పొడవు వేరు, రిమ్ము రంధ్రాల లెక్క కలవాలి, ప్లేట్ ఆగే చోటు మీ ఫోర్కుకు సరిపోవాలి. కొనే ముందే పాత చక్రం పక్కన పెట్టి కొలవండి. పాత చక్రాన్ని అమ్మకుండా ఇంట్లోనే భద్రంగా ఉంచండి. నాన్నగారు దీనికి ఒప్పుకుంటారు. దూరం నుంచి చూస్తే తేడా ఆయనకూ కనిపించదు.

డిస్కే కావాలంటే దానికీ దారి ఉంది. తర్వాతి బుల్లెట్లకు 280 మిల్లీమీటర్ల డిస్కుతో వచ్చిన ముందు భాగం మొత్తం తీసుకోవాలి. ఫోర్కు కాళ్లు, హబ్, యాక్సిల్, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే బ్రేకు నూనెను క్యాలిపర్‌కు తోసేది), హోసు అన్నీ ఒకే బండివి కావాలి. ఆ కాళ్ల మీద క్యాలిపర్ బిగించే చోటు పోతలోనే వస్తుంది. మీ హెడ్‌లైటు డొప్పలో ఆ గొట్టాలు సరిగ్గా కూర్చుంటాయో లేదో కొనక ముందే చూసుకోండి.

ఇంకొక్క మాట. మీ బుల్లెట్‌కు గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మిగతా రోజుల్లో కొత్త బండి నడిపేవాళ్లకు గాభరాలో కుడికాలు బ్రేకు అనుకుని గేరు మీద పడుతుంది. పాత బండైనా కొత్త బండైనా మారకుండా ఒకే చోట ఉండేది ముందు బ్రేకు లివరే. అందుకే ఆ ఒక్క బ్రేకు మీద ఇంత పట్టుబడుతున్నాను. 60 వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మంచి బ్రేకుతో 28 మీటర్లలో ఆగాల్సింది, నీరసపు బ్రేకుతో 47 మీటర్లు పడుతుంది. మధ్యలో ఉన్న ఆ 19 మీటర్లలో ఒక లారీ పడుతుంది.

ప్రశ్న: నా దగ్గర రాజ్‌దూత్ 350 ఎల్‌టీ ఉంది సార్. బంజారాహిల్స్‌లో ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆగితే ముందు బ్రేకు ఎంత పట్టినా బండి వెనక్కి జారుతుంది. ముందుకు వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఉలిక్కిపడేలా పడుతుంది, ఒక్కోసారి మామూలుగా ఉంటుంది. షూలు కొత్తవే. డిస్కు వేయించేయాలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వెనక్కి జారడం రోగం కాదండీ. మీది 7 అంగుళాల జంట లీడింగ్ షూ డ్రమ్ము. రెండు షూలూ ముందుకు తిరిగే చక్రానికే ఇరుక్కుంటాయి. చక్రం వెనక్కి తిరిగితే రెండూ ఒకేసారి బలం కోల్పోతాయి. ఎత్తు మీద వెనక బ్రేకుతో ఆపండి, అది దాని పనే.

ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి మామూలుగా పట్టడం మాత్రం సరిచేయాల్సిన విషయమే. ప్లేట్ బయట రెండు క్యామ్ చేతులను కలుపుతూ ఒక చిన్న కడ్డీ ఉంటుంది చూడండి. షూలు మార్చిన ప్రతిసారీ దాని పొడవు కొత్తగా సరిచేయాలి. చాలామంది ముట్టుకోరు. దాంతో ఒక షూ ముందు తగులుతుంది, రెండోది తర్వాత తగులుతుంది, లేదా అసలు తగలదు. కేబుల్ వదులు చేసి, ఆ కడ్డీ పిన్నును ఒకవైపు తీసేయండి. ఒక్కో చేతిని వేలితో తిప్పి షూ డ్రమ్మును తాకిన చోటే ఆపండి. రెండు షూలూ తాకి ఉన్నప్పుడు పిన్ను దాని రంధ్రంలోకి ఒత్తిడి లేకుండా జారిపోవాలి. అంతవరకూ కడ్డీని పెంచండి, తగ్గించండి. లాక్ నట్టు బిగించి మళ్లీ ఒకసారి చూడండి. పావుగంట పడుతుంది.

ఈ బండి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఉంది, కాబట్టి ఇంకొంచెం చెప్తాను. యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్కు ఉండేది. 1983 నుంచి ఎస్కార్ట్స్ వాళ్లు దాన్నే ఇక్కడ రాజ్‌దూత్ పేరుతో చేసినప్పుడు డ్రమ్ము ఇచ్చారు. అందులో రెండు రకాలు: ఎల్‌టీ (లో టార్క్)లో 27, హెచ్‌టీ (హై టార్క్)లో 30 దాటి గుర్రపు శక్తి. ఆ వేగానికి ఈ డ్రమ్ము సరిపోదని అప్పటి నుంచీ అందరూ అంటున్నదే. ఆ మాటలో నిజం ఉంది. మీరు ఆ బండిని దాని అసలు వేగంలో నడపాలనుకుంటే డిస్కు వేయించుకోవడం తప్పు కాదు. కానీ ఇప్పుడు మీరు పడుతున్న బాధ డ్రమ్ముది కాదు, కడ్డీది. ముందు అది సరిచేసి ఒక నెల నడిపి చూడండి. వాన నీళ్లు గాలి రంధ్రం నుంచి లోపలికి పోతే ఈ బ్రేకు మొదటి పట్టు దారుణంగా ఉంటుంది. బండి కడిగాక, వానలో నడిపాక, మెల్లగా వెళ్తూ లివర్ కొంచెం పట్టి ఆరబెట్టుకోండి.

ప్రశ్న: అన్నా, నాది 1994 ఆర్‌ఎక్స్ 100. ముందుకు ఫోర్కులు, చక్రం, డిస్కు సెట్టు వేరే బండిది మొత్తం వేయించిన. క్యాలిపర్‌లో 25 ఎంఎం పిస్టన్లు రెండు. మాస్టర్ సిలిండర్ మాత్రం చూడ్డానికి బాగుందని పెద్ద బండిది సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన. లివర్ రాయి లెక్క గట్టిగుంది, నాలుగు వేళ్లతో గుంజినా బండి ఆగట్లేదు. ఎయిర్ రెండుసార్లు తీయించిన. డ్రమ్మే నయమనిపిస్తోంది.
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, నీ లివర్ గట్టిగా ఉందంటేనే లోపల ఎయిర్ లేదని అర్థం. ఎయిర్ ఉంటే మెత్తగా, స్పాంజిలాగా ఉంటుంది. ఇక ఎయిర్ తీయించడం ఆపు.

మాస్టర్ సిలిండర్ ఒంటి మీద ఒక అంకె పోతలో ఉంటుంది, చూడు. 5/8 అని ఉంటే అది అంగుళాల్లో పిస్టన్ కొలత, దగ్గర దగ్గర 16 మిల్లీమీటర్లు. పెద్ద బండిదంటున్నావు కాబట్టి అదే ఉంటుందని నా అనుమానం. ఇప్పుడు ఈ లెక్క నువ్వే చెయ్యి. క్యాలిపర్ పిస్టన్ వ్యాసాన్ని దాంతోనే గుణించు, 25 ఇంటూ 25 అంటే 625. రెండు పిస్టన్లు కాబట్టి 1250. మాస్టర్‌ది 16 ఇంటూ 16 అంటే 256. 1250ని 256తో భాగిస్తే 5 కూడా రాదు. అంటే నీ వేళ్ల బలాన్ని బ్రేకు నూనె (బ్రేక్ ఫ్లూయిడ్) అయిదు రెట్లు కూడా పెంచట్లేదు. ఆ మాస్టర్ రెండు డిస్కులు, నాలుగైదు పెద్ద పిస్టన్లు నడపడానికి పుట్టింది. 11 మిల్లీమీటర్ల మాస్టర్ వేస్తే 11 ఇంటూ 11 అంటే 121, అప్పుడు 10 రెట్లు దాటుతుంది. లివర్ కొంచెం ఎక్కువ దూరం కదులుతుంది, కానీ రెండు వేళ్లకే బండి నిలబడుతుంది. అలాగని ఇంకా చిన్నది వేసుకుంటూ పోతే లివర్ హ్యాండిల్‌కు తగులుతుంది.

నేను అందరికీ చెప్పేది ఒకటే. క్యాలిపర్ ఏ బండిదో మాస్టర్ కూడా ఆ బండిదే తెచ్చుకో. ఆ లెక్కలన్నీ కంపెనీ ఇంజనీర్లు ముందే వేసి ఉంచారు. ఫోర్కులు సెట్టుగా మార్చావు, అది చాలా మంచి పని. అక్కడ చూపించిన తెలివి ఇక్కడ కూడా చూపించు. సెకండ్ హ్యాండ్ మాస్టర్ అయితే లోపలి రబ్బరు కిట్టు తప్పకుండా మార్చాలి. హోసు పాతదయితే కొత్తది కొను. నూనె మాస్టర్ మూత మీద రాసి ఉన్న రకమే పొయ్యి. డాట్ 3 లేదా 4 ఉంటుంది. సీల్ విప్పి నెలల తరబడి షెల్ఫులో ఉన్న డబ్బా వాడొద్దు, ఆ నూనె గాలిలో తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చు. ట్యాంకు మీద చుక్క పడితే రంగు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడుగు.

ఇవన్నీ అయ్యాక టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడు. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గాళ్లు ఎంత లోతున్నా సరే, అంత పాత టైరు గట్టిపడి ఉంటుంది. డిస్కు పట్టగానే చక్రం ఆగుతుంది, బండి ఆగదు. ఆర్‌ఎక్స్ బరువు 100 కిలోల చిల్లర మాత్రమే, తేలిగ్గా జారుతుంది. బ్రేకు కంటే ముందు టైరు కొనమంటాను నేను.

ప్రశ్న: నమస్కారమండీ. మా తాతగారి జావా 250ని బాగుచేయిస్తున్నాను. 1968 రిజిస్ట్రేషన్. వింటేజ్ నంబరుకు దరఖాస్తు చేయాలని ఉంది. సింహాచలం ఘాట్ రోడ్డు మీద నడపాలని కూడా ఉంది. ముందు బ్రేకు మారిస్తే వింటేజ్ నంబరు రాదని ఒకరు భయపెట్టారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తాతగారి బండిని మీరు బాగుచేయించుకోవడం చాలా సంతోషంగా ఉందమ్మా. మైసూరు ఫ్యాక్టరీ బళ్లు 1996 తర్వాత రాలేదు, ఉన్నవాటిని మనమే కాపాడుకోవాలి.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్లు వింటేజ్ కిందికి వస్తాయి. మీది వస్తుంది. బండి అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదని ఆ నిబంధన చెబుతుంది. బ్రేకు పేరు విడిగా అందులో లేదు. అయినా "అసలు రూపం" అన్న మాట ఉంది కదా. జావా హబ్ పెద్దది, అందమైనది, చూడగానే తెలిసిపోతుంది. దాని స్థానంలో డిస్కు కనిపిస్తే పరిశీలించే అధికారి ప్రశ్న వేయొచ్చు. అందుకని మీకు డిస్కు వద్దంటాను. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. వీఏ అక్షరాలతో ఆ నంబరు వచ్చాక బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. సింహాచలం తరచుగా వెళ్లాలనుకుంటే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోవడం గురించి ఒకసారి ఆలోచించండి.

బ్రేకు విషయానికి వస్తే, బుల్లెట్ పాఠకుడికి చెప్పిన లేత్ పని, లైనర్ పని, కేబుల్ పని అన్నీ మీకూ వర్తిస్తాయి. అందులో ఒక్కటి కూడా బయటికి కనిపించదు. తాతగారి బండి తాతగారి బండిలాగే ఉంటుంది, ఆగడం మాత్రం మెరుగవుతుంది. పాత షూలు పారేయొద్దు, కాగితంలో చుట్టి పేరు రాసి పెట్టండి. ఇప్పుడు దొరికే కొత్త షూల పోత ఒక్కోసారి సరిగ్గా ఉండదు, అప్పుడు పాత షూల మీదే కొత్త లైనర్ అతికించుకోవచ్చు. కొండ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. టూ స్ట్రోక్ ఇంజను బుల్లెట్ అంతగా పట్టి ఆపదు, బ్రేకు మీద భారం ఎక్కువ పడుతుంది. మధ్యలో ఒకచోట ఆగి హబ్ చల్లారనివ్వండి.

ప్రశ్న: యెజ్డీ ముందు బ్రేకు కీచుమంటోంది. ఎయిర్ పంపుతో దుమ్ము ఊదేసి ఉప్పు కాగితంతో రుద్దితే చాలా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: రుద్దండి, ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. మా గురువుగారి కాలంలో అందరూ నోటితోనే ఊదేవాళ్లు, దాని సంగతి ఎవరికీ తెలియదు. మనకు తెలుసు కాబట్టి తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. తర్వాత దుమ్ము లేవకుండా లైనర్‌ను తడిపి, దాని మీద గాజులాంటి మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దండి. లైనర్ నల్లగా, జిడ్డుగా ఉంటే మాత్రం రుద్దినా, పెట్రోలుతో కడిగినా లాభం లేదు. బేరింగు సీలు నుంచి గ్రీజు వస్తోందన్నమాట. సీలు, లైనర్ రెండూ మార్చండి.

వచ్చే నెలకు ఉత్తరం రాసేవాళ్లు బండి పేరుతో పాటు సంవత్సరం, ముందు హబ్‌కు రెండువైపులా తీసిన ఫోటోలు, టైరు మీది నాలుగంకెల తేదీ కూడా పంపండి.